పందెము ముగిసిన తరువాత

కనుమనాటి మధ్యాహ్నము జగ్గన్నతోటకు పదకొండు గ్రామముల రుద్రులు ప్రభలమీద తరలివచ్చుట కోనసీమవాసులకు క్రొత్త సంగతి కాదు. వ్యాఘ్రేశ్వరము, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, పెదపూడి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము - ఈ పేర్లు అంబాజీపేట చుట్టుప్రక్కల బడిపిల్లలకు ఎక్కముల వలె నోటికి వచ్చును. చివర చెప్పిన రెండు గ్రామముల ప్రభలు కౌశిక నీటిలో దిగి దాటునప్పుడు గట్టుమీది జనము ఊపిరి బిగబట్టి చూతురు. రొమ్ములోతు నీరు, భుజముమీద బరువు, తలపైన ఊగుచున్న వెదురు గోపురము. ఒకని కాలు జారినచో అందరి మోత తప్పును. "శరభా శరభా" యను కేకలు మిన్నుముట్టుచుండగా ప్రభ ఆవలి గట్టు ఎక్కును. అడ్డమువచ్చిన చేలలో వరి నలిగినను రైతు కోపించుకొనడు సరికదా, దేవుడు తన చేను తొక్కినాడని సంతోషించును.

ఇక్కడ గమనింపదగినది భక్తి యొక్కటే కాదు. పండుగ వెళ్లిన తరువాత ప్రభకు కట్టిన రంగుబట్టలు విప్పివేయుదురు. గంటలు, పింఛములు వాని వాని చోటికి చేరును. వెదురు ఎంత వంపు తిరుగవలెనో, మోకు ఎటు లాగి కట్టవలెనో, నీటిలో ముందు ఎవరు దిగవలెనో పాఠముగా వ్రాసిపెట్టుకొని ఎవరును నేర్చుకొనలేదు. అయినను మరుసటి ఏటికి ప్రభ మరల లేచును. తండ్రి మోసిన కొయ్య క్రింద కుమారుడు భుజము పెట్టును. 2023 గణతంత్ర దినోత్సవమునాడు ఢిల్లీ కర్తవ్యపథములో ఆంధ్రప్రదేశ్ శకటము ఈ ప్రభల తీర్థమునే దేశమునకు చూపినది. ఆ గౌరవము వచ్చినందువలన తీర్థము నిలువలేదు; తీర్థము నిలిచియున్నందువలన ఆ గౌరవము వచ్చినది.

ఇంత గట్టి జ్ఞాపకము గల దేశములోనే, వేలాది జనము ఎండలో నిలిచి కన్నులార చూచిన మరియొక వేడుక రెండు తరములు తిరుగకమునుపే ఆనవాలు లేకుండ చెదరిపోవుచున్నది. అది మోటారు పందెముల చరిత్ర. ప్రభలకును పందెపు కార్లకును పొత్తు ఏమని పెద్దలు నవ్వవచ్చును. పొత్తు మోతలో ఉన్నది. దేనిని ఎవరు మోయుదురో అది నిలుచును. ఎవరును మోయనిది, అది ఎంత ఖరీదైనదైనను, ఎంత ఆర్భాటముగా వచ్చినదైనను, మోకు తెగిన పడవవలె పోవును.

పందెము అను మాట వినగానే సంక్రాంతి దినములలో కోనసీమలో తలపునకు వచ్చునది కోడిపందెము. చట్టము కాదన్నను బరులు వెలయుచునే యున్నవి; నోట్లకట్టలు చేతులు మారుచునే యున్నవి. ఉపాధ్యాయులు ఆ మాటనే పిల్లలముందు పలుకుటకు వెనుదీయుట సహజము. కాని తెలుగులో పందెమునకు పణము అను అర్థమే కాదు, నైపుణ్యములను సరిచూచుకొను పోటీ అను అర్థమును ఉన్నది. ఎడ్లబండి పందెములోను, పడవ పందెములోను, పరుగు పందెములోను ఉన్నది ఈ రెండవ అర్థమే. చెడు సావాసము చేసినదని ఒక మంచి మాటను వెలివేయుట భాషకు నష్టము.

రావులపాలెములో జాతీయ రహదారి ఎక్కి దక్షిణముగా పోవు బస్సు, నెల్లూరు దాటి, మద్రాసు పొలిమేరకు చేరబోవు ముందు చోళవరము ప్రక్కగనే పోవును. చదువులకును, వైద్యమునకును, సినిమాలలో అదృష్టము చూచుకొనుటకును కోనసీమనుండి మద్రాసు వెళ్లినవారు ఎందరో ఆ పేరు గల పలకను చూచియే యుందురు. నగరమునకు నీరిచ్చు చెరువుగా దానిని ఎరిగినవారు కలరు. ఆ ప్రాంతముననే రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానములు దిగుటకు వేసిన దారి ఒకటి ఉన్నదనియు, ఆ దారిమీద ఇంచుమించు మూడున్నర దశాబ్దములు దేశమంతట పేరుపొందిన మోటారు పందెములు జరిగినవనియు ఎరిగినవారు అరుదు.

మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో ఏర్పడినది. ఆంధ్రరాష్ట్రము మద్రాసునుండి విడివడినదియు ఆ సంవత్సరమే. యుద్ధము ముగిసినది, విమానములు వెళ్లిపోయినవి, దారి మిగిలినది. వేగముమీద మోజుగల కొందరు ఆ దారిని పందెములకు వాడుకొనవచ్చునని కనిపెట్టినారు. అది దిగుమతులమీద కట్టుబాట్లు ఉన్న కాలము. విదేశపు పందెపు కారు సంస్థానాధీశులకును, మహాధనికులకును తప్ప అందేది కాదు. తక్కినవారు ఏమి చేసినారు? ఇంటనున్న ఫియట్టునో, అంబాసిడరునో, మద్రాసులోనే తయారైన స్టాండర్డు హెరాల్డునో విప్పినారు. అక్కరలేని రేకు తీసివేసి బరువు తగ్గించినారు. ఇంజనును సానపట్టినారు. దొరకని విడిభాగమును లేతుమీద స్వయముగా తయారుచేసుకొన్నారు. కార్లకు కార్లు, మోటారు సైకిళ్లకు మోటారు సైకిళ్లు పోటీపడినవి. గెలిచినవాని పేరు మరునాటి పత్రికలో వచ్చినది. ఆ బండి పరుగెత్తుటకు రాత్రులు మేలుకొని పనిచేసిన మెకానిక్కు పేరు ఎక్కడను రాలేదు.

1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందెములకే ప్రత్యేకముగా దారి నిర్మింపబడినది. అది మంచిదే. విమానపు దారికంటె పందెపు దారి క్షేమకరము. కాని క్రొత్త ఇంటికి వెళ్లినప్పుడు పాత ఇంటి దేవుని పటమును వెంట తీసుకొనిపోవుట మరచినట్లు, చోళవరపు జ్ఞాపకములను వెంట తీసుకొనిపోవుట చాలమంది మరచినారు. ఆ రోజుల చిత్రములు కొన్ని కుటుంబముల ఆల్బములలో ఉన్నవి. కొన్ని పాత పత్రికల కాగితములలో పసుపుబారుచున్నవి. చూచినవారు వృద్ధులైనారు.

ఇంగ్లండులో గుడ్‌వుడ్ అనుచోట సరిగా ఇటువంటిదే జరిగినది. అదియు యుద్ధకాలపు విమానాశ్రయమే. దాని చుట్టుదారిమీద 1948లో పందెములు మొదలైనవి. 1966లో ఆగిపోయినవి. అంతటితో కథ ముగిసియుండవలసినది. కాని 1998లో ఆ దారిని పూర్వపు రూపములోనే మరల తెరచినారు. అప్పటినుండి ఏటేటా ఆ కాలపు కార్లే అక్కడ పరుగెత్తుచున్నవి. చూడవచ్చువారు సైతము ఆ కాలపు దుస్తులే తొడుగుకొని వత్తురు. 1950 మే 13న ప్రపంచ ఛాంపియన్‌షిప్పులో మొట్టమొదటి పందెము జరిగిన సిల్వర్‌స్టోన్ కూడ యుద్ధపు విమానాశ్రయమే. అంతకు పూర్వము 1907లో మోటారు పందెములకొరకే కట్టిన తొలి దారియైన బ్రూక్లాండ్స్ 1939లో యుద్ధమునకై మూతపడి మరల తెరువబడలేదు. అయినను దాని ఏటవాలు గోడలలో మిగిలిన భాగమును పడగొట్టక, ప్రక్కనే మ్యూజియము పెట్టుకొన్నారు. వారికి డబ్బు ఉన్నది, కావున చేసినారని అనవచ్చును. డబ్బు కొంత నిజమే. కాని అక్కడి పనిలో అధికభాగము మోసినది వారాంతములలో వచ్చి పాత యంత్రములకు నూనె పెట్టు ముదుసళ్లు. ఈ ముక్క ధనమును గురించినది కాదు.

మన దేశములో ఇట్టి మోత కనిపించు నగరము ఒకటి ఉన్నది. అది కోయంబత్తూరు. అక్కడ తెలుగు మాట్లాడు నాయుడు కుటుంబములు తరతరములుగా మిల్లులను, వర్కుషాపులను నడపినవి. వారిలో జి. డి. నాయుడు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని నడుమ ప్రయాణము మొదలుపెట్టి, దేశములో పేరెన్నికగన్న రవాణా సంస్థను నిలిపినవాడు. యంత్రమును విప్పి చూడక ఊరుకొనని మనస్సు ఆ ఊరి గాలిలోనే ఉన్నదని చెప్పుదురు. ఆ నగరపు మిల్లు కుటుంబములలో పుట్టిన కరివర్ధన్ పందెములలో పాల్గొనుటతో తృప్తిపడలేదు. మారుతి 800 ఇంజనును పెట్టి, ఒక్కరు కూర్చుండు చిన్న పందెపు కారును రూపొందించినాడు. ఫార్ములా మారుతి అని పేరుపొందిన ఆ కారువలన, విదేశపు బండి కొనలేని యువకులు సైతము పందెములో అడుగుపెట్టగలిగినారు. 1995లో విమాన ప్రమాదమున ఆయన మరణించినాడు. 2003లో ఆ నగరమునకు సమీపమున తెరచిన పందెపు దారికి ఆయన పేరే పెట్టినారు. నేటికిని అక్కడ పోటీపడు కుర్రవాడు "కరి" అను మాటను నోట పలుకక తన ఊరు తిరిగిపోలేడు. స్మారకము అనగా ఇది.

ఆ నగరమునుండియే నరేన్ కార్తికేయన్ వచ్చినాడు. తండ్రి రాలీలలో జాతీయస్థాయిలో గెలిచినవాడు. కుమారుడు 2005లో జోర్డాన్ జట్టు తరపున ఫార్ములా వన్ పందెములో దిగిన తొలి భారతీయుడైనాడు. ఆ ఏడే అమెరికాలో ఇండియానాపొలిస్ పందెమున నాల్గవ స్థానము పొంది 5 పాయింట్లు సంపాదించినాడు. ఈ సంగతిని పిల్లలకు చెప్పువారు సగము చెప్పి ఊరుకొందురు. ఆ దినమున ఏటవాలు మలుపులో టైర్లు నిలువవను భయముతో 14 కార్లు పందెము మొదలుకాకమునుపే లోనికి తిరిగిపోయినవి. పరుగెత్తినవి 6 మాత్రమే. ఈ సగమును చెప్పినంతమాత్రమున కార్తికేయన్ కీర్తికి తరుగు రాదు. ఆ పందెములో దిగుటకే ఎంత సాధన కావలెనో ఎరిగినవారికి ఎరుకయే. కాని వారసత్వము పేర ఉన్నదానికి రంగులద్దుట మొదలైనచో, నాలుగేండ్లకు రంగే మిగిలి వస్తువు మాయమగును. పురాణపురుషుల కథలు వేరు. నిన్నటి చరిత్ర వేరు.

కోయంబత్తూరునకు భిన్నమైన కథ ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో జరిగినది. అక్కడ 5 కిలోమీటర్లకు పైబడిన ఘనమైన దారి కట్టి, 2011లో ఫార్ములా వన్ పందెమును రప్పించినారు. 2012లోను, 2013లోను కూడ జరిగినది. మూడుమార్లును జర్మనీ దేశస్థుడు వెట్టెలే గెలిచినాడు. పిమ్మట పన్నుల తగాదా వచ్చినది. ఇది ఆటయా, వినోదమా అని ప్రభుత్వము ప్రశ్నించినది. వినోదమైనచో వినోదపు పన్ను కట్టవలెను గదా! చిత్రమేమనగా, ఈ ప్రశ్నకు దేశములో గట్టిగా సమాధానము చెప్పగలవారే లేకపోయినారు. చోళవరపు మూడున్నర దశాబ్దముల కథ పుస్తకములలో ఉండియుండినచో, ఇది ఆట అని నిరూపించుటకు సాక్ష్యము వెదకికొనవలసిన అగత్యము ఉండెడిది కాదు. పందెము పోయినది. దారి మిగిలినది.

తెలుగువారి రాజధానిలో జరిగినది ఇంకను చిన్న కథ. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరము ఒడ్డున, సచివాలయము ముందునుండి 2.83 కిలోమీటర్ల దారిలో విద్యుత్తు కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్పు పందెము జరిగినది. ఫార్ములా ఈ అని దాని పేరు. భారతదేశములో ఆ పందెము జరుగుట అదే మొదటిసారి. ఫ్రెంచి దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచినాడు. పెట్రోలు వాసన లేదు. చెవులు చిల్లులుపడు మ్రోత లేదు. చక్రములు పాడు సన్నని కూత మాత్రము వినవచ్చినది. నగరమునకు దినదినము ఆఫీసులకు పోవు రోడ్డే ఒక్క దినమునకు ప్రపంచపు రంగస్థలమైనది. మరుసటి ఏడు జరుగవలసిన పందెము 2024 జనవరిలో రద్దయినది. దానికై వెచ్చించిన ధనమును గురించిన వివాదము కోర్టులదాక వెళ్లినది. ఆ న్యాయాన్యాయములు కోర్టులు తేల్చవలసినవి. ఇక్కడ అడుగదగిన ప్రశ్న వేరు. వేసిన కంచెలు తీసివేసిన తరువాత, ఆ నగరపు బడిపిల్లలకు ఆ దినమునుండి ఏమి మిగిలినది? ఏ మలుపునొద్ద ఏమి జరిగినదో తెలుపు ఒక్క పలక ఉన్నదా? అదే నగరములో చౌమహల్లా భవనమున నిజాముల రోల్స్ రాయిస్ కారును భద్రముగా కాపాడి చూపుచున్నారు. ఏనుగు అంబారీ ఎక్కినట్లు ఎక్కిన కారు అది. తిరిగినది బహు తక్కువ. నిలిచియున్న కారుకు దొరికిన గౌరవము పరుగెత్తిన కారుకు దొరకలేదు.

కోనసీమలో మోటారు పందెము ఎన్నడును జరుగలేదు, ఈ గొడవ ఇక్కడ ఎందుకని అమలాపురపు ఉపాధ్యాయుడు అడుగవచ్చును. గౌతమి ఒకవైపు, వసిష్ఠ ఒకవైపు, నడుమ వైనతేయ. మూడువైపుల నదులు, నాల్గవవైపు సముద్రము గల దేశమిది. ఇక్కడికి మోటారు వచ్చుటయే ఒక సాహసము. కోటిపల్లి రేవునుండి ముక్తేశ్వరమునకు, నరసాపురమునుండి సఖినేటిపల్లికి పంటుమీద కారు దాటవలసివచ్చినది. పంటు ఒడ్డున ఆనగానే రెండు చెక్కలు వేసి, వాని మీదుగా చక్రములను గురిచూచి ఎక్కించుట మామూలు డ్రైవరు పని కాదు. ఒక జానెడు తప్పినచో బండి గోదావరి పాలు. వేగము పందెమైనచోట నిదానము పందెము కాకూడదా? పంటుమీద లారీని ఎక్కించిన డ్రైవరుకును, మలుపులో కారును నిలిపిన పందెగానికిని కావలసినది ఒకే శాస్త్రము: బరువు ఎటు ఒరుగునో చక్రము ఎరుగకమునుపే చేయి ఎరుగవలెను.

ఇంకొక సంగతి. చోళవరమునకు విమానపు దారి నిచ్చిన యుద్ధమే కోనసీమ వాకిటినుండి రైలును ఎత్తుకొనిపోయినది. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో వేసిన 45 కిలోమీటర్ల రైలుదారిని 1940లో యుద్ధపు అవసరములకై ఇనుము కావలెనని ఊడదీసినారు. మరల పట్టాలు పడి రైలు నడచుటకు 2004 రావలసివచ్చినది. అరువది నాలుగేండ్లు! ఆ నడుమ పుట్టి పెరిగినవారికి కట్ట మాత్రము కనిపించినది, రైలు కనిపించలేదు. అయినను ఇక్కడొక రైలు ఉండెడిదని ఊరివారు మరువలేదు, అడుగుట మానలేదు. అమలాపురపు పార్లమెంటు సభ్యుడుగా, లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన బాలయోగి ఆ కోరికను ఢిల్లీలో వినిపించినాడు. 2002లో హెలికాప్టరు ప్రమాదములో మరణించిన ఆయన ఆ రైలును చూడలేకపోయినాడు. మరువకపోవుటకు ఉన్న బలము ఇంత అని చెప్పుటకు వేరొక నిదర్శనము అక్కరలేదు. చోళవరమును మరచినవారికి కోటిపల్లి రైలుకట్టనుండి నేర్చుకొనదగినది కలదు.

పందెముల మాట కోనసీమకు ఇటీవల మరియొక దారిలో వచ్చినది, అదియు నీటిమీదనే. పూతరేకులకు పేరుపొందిన ఆత్రేయపురములో 2025 సంక్రాంతికి సర్ ఆర్థర్ కాటన్ పేర పడవ పందెములు జరిగినవి. కేరళ పందెముల ఒరవడి వానిలో కనిపించినది. గట్లమీద జనము క్రిక్కిరిసినారు. మంచి ఆరంభమే. కోడిపందెపు బరికి పోవువారిలో పదిమంది ఇటు తిరిగినను మేలే. కాని ఇక్కడను జగ్గన్నతోట ప్రశ్నయే వచ్చును: మోయువారెవరు? ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట ఈ కాలువలు పైరులకు నీరిచ్చుటయే కాక, ధాన్యమును, కొబ్బరిని, మనుష్యులను మోసిన రాజమార్గములైనవి. గన్నవరపు పాత అక్విడక్టు 49 ఖానాలమీద కాలువను వైనతేయ దాటించి నగరపు లంకకు నీరందించినది. లాకులదగ్గర పడవలు వరుసగా నిలిచి నీటిమట్టము సరిపడువరకు ఎదురుచూచెడివి. గట్టుమీద గోను భుజమున వేసుకొని పడవను లాగిన సరంగుల సంతతివారు లంకలలో నేటికిని ఉన్నారు. ఆత్రేయపురపు పందెము కేరళ రూపమును అరువు తెచ్చుకొనుటలో తప్పులేదు. అరువు అరువుగనే మిగిలినచో తప్పు. పడవ కట్టు వడ్రంగి ఈ గోదావరి ఒడ్డువాడై, తెడ్డు పట్టు జట్టు ఈ లంక పేరును మోసినదైనచో, ఇరువది ఏండ్లకు అది తీర్థమగును. కానిచో పండుగ సెలవులలో వచ్చిపోయిన సర్కసు అగును.

మోటారు పందెమునకు ఎదురుచెప్పువారి మాటను త్రోసివేయరాదు. అది ధనికుల ఆట అనుట చాలవరకు నిజము. ఇంధనము తగులబెట్టు ఆట అనుటయు నిజమే. కోనసీమకు ఆ రెండవ మాట పుస్తకములలో చదువుకొన్నది కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురుబావి బ్రద్దలై లేచిన మంట 65 రోజులు ఆరలేదు. రాత్రులు పగళ్లైనవి, జనము ఇండ్లు విడిచి పోయినారు, కొబ్బరిచెట్లు నిలువున మాడినవి. 2014 జూన్‌లో నగరములో గ్యాసు గొట్టము ప్రేలి ప్రాణములు పోయినవి. ఎక్కడో ఎవరి బండియో పరుగెత్తుటకు ఇక్కడి నేల ఎంత ధర చెల్లించుచున్నదో ఈ ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. మోటారు వారసత్వమును వ్రాయదలచినవారు పాశర్లపూడిని విడిచిపెట్టి వ్రాసినచో అది చరిత్ర కాదు, ప్రకటన.

అయినను ఆ ఎదురుమాటతో చేతులు దులుపుకొనుటకు వీలులేని కారణము ఒకటి కోనసీమ గట్లమీదనే ఉన్నది. సాయంకాలము బడి విడిచిన తరువాత, ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క పల్లము గల సన్నని దారులలో, తలకు రక్షణ లేక, ఒక మోటారు సైకిలుమీద ముగ్గురు చొప్పున పరుగులు తీయు కుర్రవాండ్రను ఏ ఉపాధ్యాయుడు చూడలేదు? హాజరుపట్టీలో ఒక పేరు మీదుగా ఎర్రసిరా గీత గీయవలసివచ్చిన ఉపాధ్యాయులును ఉన్నారు. పందెము కోరిక ఆ వయసునకు సహజము. దానికి ఒక దారి, ఒక నియమము, ఒక గురువు లేనప్పుడు అది గట్టెక్కును. "నెమ్మదిగా పొండు" అని ప్రార్థన సమయమున చెప్పిన హితవు గేటు దాటదు.

పందెపు దారిమీద నిజముగా ఏమి జరుగునో ఆ కుర్రవానికి ఎవరును చెప్పలేదు. అక్కడ పసుపు జెండా ఊపినచో ముందు ప్రమాదమున్నదని అర్థము. ఎంతటి వీరుడైనను ముందువానిని దాటరాదు. ఎర్రజెండా ఎత్తినచో పందెమే ఆగును. నల్లజెండా చూపబడినవాడు తలవంచుకొని లోనికి పోవలెను. నీలిజెండా కనిపించినచో వెనుకవచ్చు వేగముగల బండికి దారి విడువవలెను. అందులో చిన్నతనము లేదు. తలకు రక్షణ లేనివానిని బండి ఎక్కనీయరు. మలుపు మలుపునకు జెండా పట్టుకొని ఎండలో దినమంతయు నిలుచువారు ఎక్కువమంది జీతము లేని స్వచ్ఛంద సేవకులు. లోకములోకెల్ల అత్యంత వేగముగా పోవువారే లోకములోకెల్ల కట్టుదిట్టముగా నియమములు పాటించువారు. ఈ ఒక్క సంగతి పదవ తరగతి కుర్రవానికి ఆశ్చర్యముగా తోచును. అతడు వీరుడని ఎంచినవాని నోట వచ్చిన నియమము గనుక తలకెక్కును. ఇండియానాపొలిస్‌లో పందెము మాని తిరిగిపోయిన 14 మంది కథ ఇక్కడనే పనికివచ్చును. వారు పిరికివారా, వివేకులా? తరగతిలో ఒక గంటసేపు వాదింపజేయదగిన ప్రశ్న అది. భౌతికశాస్త్రపు మాస్టరుకు అందులో అభికేంద్రబలము దొరకును, తెలుగు మాస్టరుకు ధర్మసందేహము దొరకును.

దేశపు మోటారు పందెములకు ఒక మ్యూజియము కావలెనని కోరుట న్యాయమే. అది చోళవరములో ఉండవలెనని చెప్పుటయు న్యాయమే. కాని మ్యూజియము వచ్చునంతవరకు కూర్చుండినచో దానిలో పెట్టుటకు వస్తువులు మిగులవు, చెప్పుటకు మనుష్యులు మిగులరు. మొదట చేరవలసినది కాగితము. అమలాపురములోను, రావులపాలెములోను, రాజోలులోను, కొత్తపేటలోను ముప్పది నలువది ఏండ్లుగా షెడ్డు నడుపుచున్న మెకానిక్కులు ఉన్నారు. విడిభాగములు దొరకని కాలమున లారీలను, బస్సులను వారు ఎట్లు నడపించినారో, ఏ గురువు దగ్గర పని నేర్చినారో, మద్రాసులో పనిచేసివచ్చినవారు ఏమి చూచినారో ఎవరును అడుగలేదు. చోళవరపు కార్లను సానపట్టిన చేతులును ఇటువంటి చేతులే. గెలిచినవారి పేర్లు ఎక్కడనో ఒకచోట దొరకును. ఈ పేర్లు మాత్రము అడిగిననే దొరకును, అడుగువరకు ఉన్ననే దొరకును.

బడిలో గోడపత్రిక ఉన్నది, వారమునకొక సంఘకార్యక్రమపు గంట ఉన్నది, చేతిలో ఫోను ఉన్న పిల్లలు ఉన్నారు. నిన్నటిదాక కోటిపల్లి రేవులో రెండు చెక్కలు వేసి, వెనుకకు నడచుచు, "రానీ, రానీ, కుడికి కొట్టు" అని చేయి ఊపి బస్సును పంటు ఎక్కించిన మనిషి ఎవరి తాతయో ఆ పిల్లలలోనే ఒకరికి తెలిసియుండును. సంక్రాంతి సెలవులకు బడి మూయకమునుపు, ఆయనను అడుగవలసిన పది ప్రశ్నలు నల్లబల్లమీద వ్రాసియిచ్చుటకు ఏ ఉత్తర్వును అక్కరలేదు.